చవుడు మిద్దె కింద నాలుగు రోజులు

అనంతపురం జిల్లాకు ఎవరూ చూడడానికి పోరు. ఉద్యోగం బదిలీ అయితే పోతారు, లేదా అక్కడి పిల్లను చేసుకుంటే పోతారు. నేను రెండో కారణంతో ఇరవై ఆరేళ్ళ కిందట ఒకసారి పోయి, రెండు రాత్రులు ఉండి వచ్చేశాను. అత్తవారింట్లో నేను పడుకున్న చోటికి నాలుగడుగుల దూరంలో, అదే కప్పు కింద, రెండు ఎద్దులు కట్టేసి ఉండేవి. వాటి నెమరు చప్పుడుకు నిద్ర పట్టలేదు. తెనాలి తిరిగి వచ్చాక ఆ సంగతి చెప్పి స్నేహితులను చాలాసార్లు నవ్వించాను. నా భార్య సుంకమ్మ కూడా నవ్వేది. కానీ మళ్ళీ తన ఊరికి రమ్మని నన్ను ఎప్పుడూ అడగలేదు.

ఏటా వైశాఖంలో పుట్టింటి నుంచి ఆమె పేర ఒక కార్డు వచ్చేది. అందులో రెండే ముక్కలు: "చవుడు ఎయ్యాల. రా." ఆమె పెట్టె సర్దుకుని పోయి, పది రోజులకు నల్లబడి వచ్చేది. చవుడు వేయడమంటే వానలకు ముందు మట్టిమిద్దె పైన చవిటిమట్టి పరచడమని నాకు తెలుసు. దానికి కూలీలు ఉంటారు కదా, ఈమె ఎందుకు అని మాత్రం అడగలేదు. పుట్టింటికి పోవడానికి అదొక సాకు అనుకున్నాను. ఇంకొక అలవాటు ఉండేది ఆమెకు. తెనాలిలో వాన మొదలైతే చాలు, చేతిలో పని ఆపి తలెత్తి కప్పు వైపు చూసేది. "మనది సిమెంటు కప్పు సుంకమ్మా" అనేవాణ్ణి. "ఔను" అని మళ్ళీ చూసేది.

ఆమె చనిపోయి రెండేళ్ళు దాటింది. రెండు వైశాఖాలు కార్డు రాలేదు. ఈ ఏడు జ్యేష్ఠం చివర్లో వచ్చింది, నా పేర. "బావా, ఒకసారి వచ్చిపో. మాట్లాడాల." ఆమె తమ్ముడు రామాంజులు రాత. స్కూలు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. హెడ్మాస్టరు గారు సెలవు చీటీ మీద సంతకం చేస్తూ, "అనంతపురమా? ఏముందండీ అక్కడ?" అన్నారు. ఒక ఇల్లు ఉందని చెప్పాను.

ఇది ఆ ఇంటి సంగతి.

రైల్లో

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే బండికి తొందర లేదు. ఎదుటి బల్ల మీద ఒక పెద్దమనిషి తెల్లగుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నంద్యాల దాటేదాకా ఓపిక పట్టి ఇక పట్టలేకపోయాడు.

"యాడికి సామీ?"

"విడపనకల్లు దగ్గర ఒక పల్లెకు."

"సర్కారు పనా?"

"కాదు. అత్తవారి ఊరు."

"అట్లనా! మా దిక్కు అల్లునివా!" అని మూట పక్కన పెట్టాడు. ఆయనది ధర్మవరం. ఇంట్లో మగ్గం ఉంది, కొడుకులు నేస్తారు, ఈయన చీరలు తీసుకుని మా వైపు వచ్చి అంగళ్ళకు ఇస్తాడు. మా ఆడవాళ్ళ గురించి ఆయనకు స్థిరమైన అభిప్రాయాలున్నాయి. "మీ ఆడోళ్ళు అంచు సూసి కొంటారు సామీ. మా ఆడోళ్ళు చీర చేతిలో ఎత్తి, బరువు సూసి కొంటారు." సుంకమ్మ చీర కొనేటప్పుడు అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించేది. అది ఆమె ఒక్కదాని చాదస్తం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

వానల సంగతి అడిగాను.

"వాన పడాల. చేన్ల మీద పడాల. మా మగ్గం గుంత ఉండాదే, దాంట్లోకి మాత్రం రాగూడదు. పట్టు చెడిపోతాది. ఇంత వివరంగా అడుగుతే దేవుడు యాడ వింటాడు సామీ, వానే మానేసినాడు. రెండేండ్లాయ."

దిగేటప్పుడు నాకొక సలహా ఇచ్చాడు: "ఎండలో తిరగొద్దు. బండలు సూడాలంటే పొద్దున్నే సూడు. మా ఊర్లలో సూడనీకి బండలు తప్ప ఏమీ లేవు." నేను వెళ్ళేది ఆ బండలతో కట్టిన ఇల్లు చూడడానికేనని చెప్పాను. నమ్మలేదు.

గుంతకల్లు

గుంతకల్లులో సగం ఊరు రైల్వేలో పనిచేస్తుంది, తక్కిన సగం వాళ్ళకు టిఫిను పెడుతుంది. స్టేషను బయట ఒకామె పెద్ద బేసిన్లో ఉగ్గాని కలుపుతోంది. మనం మరమరాలంటామే, వాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. ఒక పొట్లం, రెండు బజ్జీలు మూడణాలు అంది. కొత్త పైసలు వచ్చి ఇన్నేళ్ళయినా లెక్క అణాల్లోనే.

గుంటూరు జిల్లావాణ్ణి కనక, కారానికి భయపడనక్కర లేదనుకుని బజ్జీ సగం ఒకేసారి కొరికాను. ఆమె నా ముఖం చూసి చేతిలో గరిటె ఆపింది.

"నీళ్ళు తాగొద్దన్నా, ఇంగా మండుతాది. బొరుగులు తిను. యా ఊరు?"

"తెనాలి."

"మీ దిక్కు కారం బాగా తింటారంట గదా?"

"తింటారు" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"కనిపిస్తాండాది లే."

బస్సులో నా పక్కన ఒక రైతు గొర్రెపిల్లతో కూర్చున్నాడు. టిక్కెట్టు తీసుకోవడానికి జేబులో చెయ్యి పెట్టాలి, "రవంత పట్టుకో సామీ" అని దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత తీసుకోవడం మర్చిపోయాడు. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్రనేలలు, మధ్యలో నల్లరేగడి ముక్కలు. ఎక్కడా పచ్చన లేదు. విడపనకల్లులో దిగి చూసుకుంటే నా పంచె మీద గొర్రెపిల్ల జ్ఞాపకం ఒకటి ఉంది.

వాకిలి

రామాంజులు బండి తోలుకుని వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. బుగ్గలో ఎప్పుడూ ఆకువక్క, పొగాకు. అక్క పోలికలు కళ్ళలో ఉన్నాయి. నేను కొంచెంసేపు ఎద్దుల వైపు చూశాను.

"ఎట్లుండావు బావా?"

"బాగానే ఉన్నాను."

"సిక్కిపోయినావు" అన్నాడు. ఎద్దులను ఊరి దారి పట్టించాడు.

ఇంటి వాకిలి ఎత్తు నా భుజం దాకా ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ కిందట తల తగిలించుకున్నాను కనక ఈసారి జాగ్రత్తగా వంగాను. వంగి, లోపలికి వచ్చాననుకుని, ఒక అడుగు ముందే లేచాను. గోడ మందం రెండు మూరలు ఉంటుందని మర్చిపోయాను. రామాంజులు భార్య ఓబుళమ్మ పసుపు తెచ్చి నుదుటికి అద్దుతూ, "ఈ ఇంటికి మొక్కకుండా ఎవురూ లోపలికి రారన్నా. నువ్వు రెండు తూర్లు మొక్కినావు" అంది.

ఇల్లు గొప్పదని రాయాలంటే మనవాళ్ళు స్తంభాల మీద చెక్కడం గురించి రాస్తారు. ఇక్కడ చెక్కడం లేదు. ఊరి వెనక గుట్ట ఉంది, ఇల్లంతా ఆ గుట్టలోంచి వచ్చిందే. రామాంజులు ముత్తాత గుట్ట మీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టి, వేడికి పొర లేచిన బండలను గడ్డపారలతో లేపి, బండ్ల మీద తోలుకుని వచ్చి కట్టాడట. గోడలో సున్నం లేదు. రాయి మీద రాయి, మధ్య బంకమట్టి, సందుల్లో కొట్టి బిగించిన చిన్న రాతిముక్కలు. లోపల నాలుగు రాతికంబాలు. వాటికి నునుపు చేసింది ఉలి కాదు. ఒక వైపు నా ఛాతీ ఎత్తున, ఎద్దులు తరాల తరబడి ఒళ్ళు రుద్దుకున్న చోట, రాయి అద్దంలాగ మెరుస్తుంది. ఇంకో వైపు కింద, మనుషులు కూర్చుని వీపు ఆనించే ఎత్తున, కొంచెం తక్కువగా మెరుస్తుంది.

వీధి వైపు కిటికీ లేదు. వెలుతురు కప్పులోంచి వస్తుంది. మిద్దెకు నడుమ మూరెడు చదరం రంధ్రం ఉంది, దాన్ని గవాచి అంటారు. వంటింటి పొగ అందులోంచి పోతుంది, ఎండ అందులోంచి దిగుతుంది. ఎండముక్క రోలు మీదికి వస్తే ఓబుళమ్మకు పన్నెండు. నా చేతిగడియారం అయిదు నిమిషాలు వెనకబడిందని మొదటి రోజే చెప్పింది. నిజమే.

ఎద్దులు

వాకిలి దాటగానే నేల రెండు మెట్లు పల్లంగా ఉంటుంది. అది ఎద్దుల చోటు, గాటిపాట. దాటితే నడుము ఎత్తున రాతికట్ట. కట్ట మీద మనుషుల కాపురం. మధ్య గోడ లేదు. మా వైపు పశువుల కొట్టం దొడ్లో దూరంగా ఉంటుంది. వాసన రాకూడదని కడతాం. ఈసారి నవ్వకుండా అడిగాను, ఎద్దులను ఇంట్లోనే ఎందుకు కడతారని.

ఓబుళమ్మకు నా ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమెది కణేకల్ దగ్గర కాలవ కింది ఊరు, అయినా అక్కడా ఇంతేనట. "ఎద్దుల్ని బయట కట్టేసి మనం లోపల పండుకుంటే నిద్ర యాడ పడతాదన్నా?" అంది.

ఆ ఇంట్లో నిద్ర పట్టకపోవడానికి నేను చెప్పుకున్న కారణం దీనికి సరిగ్గా తలకిందులు. ఆమె ఆ కథ వినలేదు. నేను చెప్పలేదు.

రాత్రి రాగిసంగటి, ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయ విత్తనాలతో నూరిన పచ్చడి. మన వేరుశనక్కాయ ఇక్కడ చెనిక్కాయ. సంగటి ముద్దను నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. "బావా, అది అన్నం కాదు" అన్నాడు రామాంజులు. తెల్లవారి చూస్తే దండెం మీద ఆరేసిన నా తువ్వాలు సగమే ఉంది. మిగతా సగం ఎడమవైపు ఎద్దు నోట్లో ఉంది.

విత్తనం

మూడో రోజంతా చెనిక్కాయలు ఒలిచాం. ఆరుద్ర కార్తె వచ్చింది, ఒక్క పదును వాన పడితే విత్తనం వేయాలి. కాయలను ముందే ఒలిస్తే చెడిపోతాయి, అందుకని విత్తే వారంలోనే కూర్చుని ఒలుస్తారు. కట్ట మీద పెద్ద కుప్ప. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. ఇరుగుపొరుగు అయిదిళ్ళవాళ్ళ విత్తనం కూడా ఇక్కడే ఉంది. ఊళ్ళో అన్నిటికన్నా పొడిగా ఉండే ఇల్లని, తాతల కాలం నుంచి ఇక్కడే పెట్టుకుంటారట. నాకూ ఒక చేట ఇచ్చారు. కాయ మూతిని నేలకు కొట్టి బొటనవేలితో చీల్చాలి. గంటలో నా వేలు వాచింది.

"మాస్టరు వేలు సుద్దముక్క పట్టుకోనీకే చేసినారు" అని ఒక ముసలామె తేల్చింది. ఆమె ఒలుస్తూ ఒలుస్తూ తలెత్తి కప్పు చూసింది. కాసేపటికి ఇంకొకామె చూసింది. ఓబుళమ్మ చూసింది. బయట మబ్బు పట్టింది. మాటల మధ్య ఒక్కొక్కరూ తలెత్తి దింపుతున్నారు. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్ళు చూశాను.

సాయంత్రం రామాంజులు నన్ను మిద్దె పైకి తీసుకుపోయాడు. మెట్లంటే గోడలోంచి జానెడు బయటికి వచ్చిన బండలు. పట్టుకోవడానికి ఏమీ లేదు. నేను కోతిలాగ నాలుగు కాళ్ళ మీద ఎక్కాను. పైన విశాలంగా, చదునుగా, బూడిద రంగు నేల. అంచుల్లో నాలుగు రాతిదోనెలు, వాననీళ్ళు బయటికి దూకడానికి.

"ఇదంతా కొత్తది బావా" అన్నాడు, కాలితో తట్టి. "అక్క కన్నుమూసిన ఎండాకాలం కప్పు మోసే దంతెలకు చెదలు పట్టె. పాతమట్టంతా దింపి, కట్టెలు మార్చి, ఆకు పరిచి, మట్టి పోసి, పైన చవుడు వేసినా. కానీ ఏ చవుడు వేసినానో నాకే తెల్దు."

అప్పుడు చెప్పాడు. చవుడంతా ఒకటి కాదట. మంచి చవుడు తడిసిందంటే మూసుకుపోయి చుక్క దిగనివ్వదు. చెడ్డది చూడడానికి అట్లాగే ఉంటుంది, వానకు కరిగిపోతుంది. ఊరి కింద వంక ఏటా దారి మార్చుకుంటుంది కనక పోయినేటి గుంత ఈ ఏడు ఉండదు. ప్రతి ఏడూ కొత్తగా వెతకాలి. కంటికి తేడా తెలియదు, నాలుకతోనే చూడాలి. వాళ్ళ నాయన నోరు పొగాకుతో మొద్దుబారిపోతే, ఏడేళ్ళ కూతుర్ని భుజాన ఎక్కించుకుని వంకకు పోయేవాడు. ఆమె రుచి చూసి చెప్పిన చోట తవ్వేవాడు. అప్పటి నుంచి ఆమె పని అది. పెళ్ళయినా ఆమె పనే. ఊరంతా ఈ ఇంటివాళ్ళు తవ్విన చోటే తవ్వుకుంటుంది. తక్కిన మిద్దెలకు అడుగున ఆమె చూపిన పాత చవుడు ఉంది కనక అక్కడక్కడ కారినా నిలుస్తాయి, ఈ మిద్దెకు అదీ లేదు.

"నువ్వు నేర్చుకోలేదా?"

నోరు తెరిచి చూపించాడు. నాలుక, పళ్ళు ఎర్రగా, నల్లగా ఉన్నాయి. "పదేండ్లప్పటి నుంచీ ఇదే. బెల్లానికీ ఉప్పుకీ తేడా తెల్దు నాకు. మీ చెల్లెలు ఓబుళమ్మా అంతే, ఆకు ఎయ్యకుండా పొద్దు గడవదు."

"మరి రెండేళ్ళు ఎట్లా..."

"రెండేండ్లు వాన యాడ పడింది? తుంపరలు. మా మిద్దె తప్పో ఒప్పో తెలియాలంటే వాన రావాల గదా! నిరుడు, మొన్నేడు ఇంట్లో విత్తనం లేదు, భయం లేదు. ఈసారి అప్పు చేసి తెచ్చిన ఆరిండ్ల విత్తనం ఉండాది. తడిసిందంటే బూజు పట్టి, మొలకెత్తి పోతాది. ఆరిండ్లోళ్ళకీ ఈ ఏడు సేద్యం లేదు. వాళ్ళేమో మీ మిద్దెకేమప్పా అంటారు. నేను యా నోటితో చెప్పేది?" నా వైపు తిరిగి అడిగాడు. "నీకేమన్నా చెప్పిందా అక్క? ఎట్లుండాల, ఏం రుచి, ఏమన్నా?"

లేదన్నాను. ఇరవై నాలుగేళ్ళలో చవుడు గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదన్నాను. అతను తల ఊపి, దిగుదాం రమ్మన్నాడు. పడమటి దిక్కున మబ్బు నల్లగా ఉంది. ఊరంతా దాన్ని చూసి సంతోషిస్తోంది.

వంక

మర్నాడు తెల్లవారగానే ఇద్దరం వంకకు పోయాం. వంకలో నీళ్ళు లేవు. ఇసుక, అంచుల్లో తెగిన మట్టిగట్లు. ఒక చోట మట్టి మీద తెల్లగా ఉప్పు తేలి ఉంది. ఒక తుమ్మచెట్టు కింద రెండేళ్ళ కిందటి పెద్ద గుంత.

"ఇదీ నేను తవ్విన చోటు" అన్నాడు రామాంజులు. "అక్క ఆఖరి తూరి వచ్చినప్పుడు ఆ మలుపులో తవ్వమనింది. ఆ మలుపు అప్పటి వానకే కొట్టుకపాయ. కానీ తవ్వినంతసేపూ ఆమె ఈ చెట్టు కింద నిలబడె. అక్క ఊరికే యాడా నిలబడదు. వచ్చే ఏటికి చోటు గుర్తు పెట్టుకుంటాండాది అనుకున్నా. ఆమె పోయినాక ఈడనే తవ్వించినా."

నేను చెట్టు వైపు చూశాను. ఆ వేసవి నాకు గుర్తుంది. ఆమె తిరిగి వచ్చాక చెప్పులు పట్టడం లేదంది.

"ఆమెకు అప్పటికే కాళ్ళు వాస్తుండేవి రామాంజులూ. ఎండలో నిలబడలేకపోయేది. నీడకు నిలబడి ఉంటుంది."

అతను గుంత అంచును కాలితో తోశాడు. "మాకు చెప్పలేదు" అన్నాడు.

"నాకూ అప్పటికి చెప్పలేదు."

చెట్టు కింద ఇద్దరికి చాలినంత నీడ ఉంది. కొంచెంసేపు నిలబడ్డాం. తర్వాత అతను ఆ గుంతలోంచే ఒక మట్టిపెళ్ళ విరిచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఆకువక్క ఎయ్యవు, బీడీ తాగవు. మా ఇంట్లో ఇంగ నీ నోరొకటే మిగిలింది. సూడు బావా."

నాలుక మీద పెట్టుకున్నాను. మట్టి రుచే. అంగిటికి పిండిలాగ అతుక్కుంది. వేలితో గీకినా రాలేదు. ఆ గీకడంలో ఒక్కసారిగా తెనాలి డాక్టరు గది గుర్తుకు వచ్చింది.

పెళ్ళయిన మూడో ఏడు. వంటింటి నేల వేయడానికి కాలవ మట్టి తోలించాను. సుంకమ్మ అందులోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకోవడం చూసి హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఏదో శుభవార్త అనుకున్నారు. మాకు పిల్లలు పుట్టలేదు, అది వేరే సంగతి. "ఎన్నాళ్ళ నుంచి తింటున్నావమ్మా మట్టి?" అన్నారు. "తినను సామీ, సూస్తాను" అంది. "ఏం చూస్తావు?" అంటే, తలదించుకుని, నేర్చుకున్న పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది. "అతుక్కుంటే పనికిరాదు. ఉప్పగుంటే మోసం చేస్తాది. నాలిక మీద జారిపోవాల, సబ్బు మాదిరి." డాక్టరు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇనుము టానిక్కు రాశారు. ఆమె సీసా పూర్తిగా తాగింది.

నాకు చెప్పలేదన్నాను కదా. నా ముందే చెప్పింది.

రామాంజులుకు ఆ మూడు మాటలూ చెప్పాను. అతను తుమ్మచెట్టు గుంత వైపు, తర్వాత మబ్బు వైపు చూశాడు. తెల్లటి ఉప్పుమట్టి రుచి చూశాను. ఉప్పు. ఉమ్మేశాను. గట్టు వెంట నడుస్తూ ఇరవై అడుగులకొక చోట చూసుకుంటూ పోయాం. అతుక్కుంది. అతుక్కుంది. ఉప్పు. నా నోరు కుండలు చేసేవాడి వాకిలిలాగ అయింది. అవతలి గట్టున, ఎవరూ చూడని బూడిద రంగు మట్టి ఒకటి ఉంది. పెట్టుకోగానే నాలుక మీద నిలవలేదు. జారింది. అచ్చం సబ్బే.

"ఇదే" అన్నాను. అని, లెక్కల మాస్టరుని కనక, ఒక చిప్ప చేసి నీళ్ళు పోసి చూద్దాం, రుజువు దొరుకుతుందన్నాను.

"రుజువు ఆ మబ్బు చేస్తాది బావా. నువ్వు ఈడనే నిలబడు, ఇంకో చోటికి పోవద్దు. బండ్లు తెస్తా."

బుట్టలు

రామాంజులు ఆ అయిదిళ్ళవాళ్ళనూ పిలిచి నిజం చెప్పాడు. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా. "ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూకున్నావా, పెద్దమనిషీ!" అని నిన్నటి ముసలామె లేచింది. కానీ తిడుతూనే బుట్ట నెత్తిన పెట్టుకుంది.

ఏడు బండ్ల చవుడు కావాలి. వంక నుంచి ఇంటికి, ఇంటి నుంచి మెట్ల మీదుగా పైకి. ఆ జానెడు బండల మీద ఆడవాళ్ళు బుట్టతో నిలువుగా నడిచి పోతున్నారు, నేను ఒట్టి చేతులతో పాకిన చోట. నన్ను పైన నిలబెట్టారు. మట్టి వచ్చినప్పుడల్లా ఒక చిటికెడు నోట్లో వేసుకుని "సరే" అనాలి. అవతలి గట్టు మట్టి కాక పక్కది కలిసిపోతుందేమోనని. రెండు బుట్టలు వెనక్కి పంపించాను. రెండోది మోసుకొచ్చినామె, "ఎట్లయినా సుంకమ్మ మొగుడే. ఆమె గూడా ఇట్లనే ఏడిపిచ్చేది" అంది. ఆ రోజు నాకు దొరికిన మెప్పు అదొకటే. చాలు.

విత్తనం ఉన్న వైపు ముందు పరిచాం. తర్వాత వంటింటి వైపు. ఎద్దుల వైపు మూల ఒకటి మిగిలింది. ఏడో బండి ఇంకా వంక దగ్గరే ఉంది. సాయంత్రం అయిదింటికి మొదటి చినుకు నా మెడ మీద పడింది. ఓబుళమ్మ గవాచి మీద కుండ బోర్లించింది. అందరం దిగాం.

వాన

లోపల చీకటి. ఒక లాంతరు. కుప్ప చుట్టూ ఆరిళ్ళవాళ్ళు, పైన మట్టి మీద వాన. రేకు మీద పడినట్టు మోగదు. ఎక్కడో దూరంగా జనం నడుస్తున్నట్టు ఉంటుంది. అందరి తలలూ పైకే ఉన్నాయి. ముసలామె మాత్రం చూడకుండానే ఒలుస్తోంది, ముఖం కప్పు వైపు పెట్టి.

బయట రాతిదోనెలు దూకడం మొదలుపెట్టాయి. రామాంజులు వాకిట్లోకి పోయి దోసిలి పట్టి చూసి వచ్చాడు. "బురద" అన్నాడు. మళ్ళీ పోయాడు. "ఇంగా బురదే." మూడోసారి పోయి చాలాసేపు రాలేదు. వచ్చి, తడిసిన అరచేతులు లాంతరు దగ్గర పెట్టి నాకు చూపించాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. చవుడు మూసుకుందన్నమాట.

అప్పుడే ఎద్దుల వైపు చుక్క పడింది. తర్వాత ధార. కొత్త మట్టి అందని ఆ మూలలోంచి, తుమ్మచెట్టు కింద తవ్విన మట్టి కరిగి, బురదనీళ్ళు కుడివైపు ఎద్దు వీపు మీద పడుతున్నాయి. అది మా అందరి వైపూ తిరిగి చూసింది. తర్వాత ఓబుళమ్మ నవ్వింది. దాంతో అందరూ నవ్వారు.

"ఇదిగో బావా, నువ్వు అడిగిన రుజువు" అన్నాడు రామాంజులు.

విత్తనం మీద చుక్క పడలేదు. ఎద్దును తడవనివ్వడం ఆ ఇంట్లో కుదరదు కనక, దాన్ని మెట్లెక్కించి కట్ట మీదికి తెచ్చి, నా మంచం పక్కన కంబానికి కట్టారు. నాలుగడుగులు కూడా లేదు దూరం. తెల్లవార్లూ నెమరు వేసింది. ఓబుళమ్మ లేపేదాకా నాకు మెలకువ రాలేదు.

తిరుగు దారి

విత్తే రోజు చుట్టానికి పని ఉండదు. ఊరంతా చేలల్లో ఉంది, నేను బయలుదేరాను. విడపనకల్లులో బస్సు ఎక్కించి రామాంజులు కిటికీ దగ్గర నిలబడ్డాడు. బుగ్గలో ఆకు లేదు. ఆ పూట ఎందుకో వేసుకోలేదు.

"వైశాఖంలో కార్డు రాస్తా బావా."

"రాయి."

"ఆకువక్క మాత్రం అలవాటు చేసుకోవద్దు."

తెనాలి వచ్చి పదిరోజులు అవుతుంది. నిన్న మధ్యాహ్నం టీచర్ల గదిలో కాపీలు దిద్దుతుంటే వాన వచ్చింది. ఎర్ర సిరా కలం పట్టుకుని ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి నన్ను చూసి, నేను చూస్తున్న వైపు తనూ తలెత్తి చూశారు.

"ఏముందండీ అక్కడ?" అన్నారు.

"కారడం లేదండీ" అన్నాను.